రత్నకుమారి గారు పేషెంటుగా వచ్చిన రోజులు

మొన్నొక మధ్యాహ్నం నా గదిలోకి ఒకావిడ వచ్చి కూర్చుంది. షూటింగు నుంచి తిన్నగా వచ్చినట్టుంది. ముఖానికి కొబ్బరినూనె రాసి మేకప్పు తుడుచుకుంది గానీ, చెవుల వెనకా మెడ మడతల్లోనూ ఇంకా ఆ పూత మిగిలే ఉంది. ఏసీ గదిలో ఆ వాసన నెమ్మదిగా పరుచుకుంది. కొబ్బరినూనె, పౌడరు, ఎండలో నిలబడ్డ చెమట, మూడూ కలిసిన వాసన. మా క్లినిక్ ఉన్న జూబ్లీహిల్స్ వీధిలో ఇది వింత కాదు. పక్క బంగళాని షూటింగులకే అద్దెకిస్తారు, గేటు ముందు ఎప్పుడూ ఒక క్యారవాన్ ఆగి ఉంటుంది. అయినా ఆ వాసన ముక్కుకి తగలగానే నేను అడగబోయే మొదటి మాట మర్చిపోయాను. ఎదురుగా ఉన్నావిడ నిజంగా పేషెంటేనా అన్న పాత అనుమానం ఒక్క క్షణం తల ఎత్తింది. ఆ అనుమానాన్ని నాకు అంటించి వెళ్లినావిడ పేరు రత్నకుమారి.

ఆవిడ డాక్టరు కాదు, నాకు పాఠం చెప్పిన టీచరూ కాదు. సీరియళ్లలో అత్తగారి పక్కన కూర్చునే పెద్దావిడగా, పెళ్లి సీన్లలో అక్షింతలు వేసే బంధువుగా మీరు ఆవిడని చూసే ఉంటారు, పేరు మాత్రం తెలిసి ఉండదు. కాకినాడ మనిషి. చిన్నప్పుడు పరిషత్తు నాటకాల్లో వేసేది. సినిమాల కోసం ఫిల్మ్‌నగర్ వచ్చి, ఆ తర్వాత షేక్‌పేట పాత ఊరి సందులో ఒక గది తీసుకుని ఒంటరిగా ఉండేది. నేను ఆవిడని కలిసింది మాత్రం నా ఉద్యోగ పరీక్షలో.

మా క్లినిక్‌లో మందులు రాసేది డాక్టర్లు. ఆ మందులతో పాటు ఏం తినాలి, ఎంత నడవాలి, ఎప్పుడు నిద్రపోవాలి, సిగరెట్టు ఎలా మానాలి అని కూర్చోబెట్టి మాట్లాడేది మేము. లైఫ్‌స్టైల్ కౌన్సెలర్లు అంటారు మమ్మల్ని. నేను బోరబండ గుట్ట మీద పుట్టి పెరిగిన దాన్ని. హోమ్‌సైన్స్ చదివి ఇక్కడ చేరాను. మాకు ట్రైనింగ్ ఇచ్చే డాక్టర్ మాధవి గారు మొదటి రోజే చెప్పారు, "మీకు డైట్ గురించి ఎంత తెలుసో నేను చూడను. తెలిసింది అవతలి మనిషికి ఎలా చేరుస్తున్నారో చూస్తాను" అని. చూడటానికి ఆవిడ ఒక పద్ధతి పెట్టారు. నటించడం వచ్చిన మనిషిని పేషెంటుగా మా ముందు కూర్చోబెడతారు. మేము నిజం పేషెంటుతో మాట్లాడినట్టే మాట్లాడాలి. మాధవి గారు మూలన కూర్చుని మార్కులు వేస్తారు. నవ్వుతూ పలకరించామా, మాట మధ్యలో అడ్డు వెళ్లామా, తప్పు పట్టినట్టు మాట్లాడామా, చివరికి ఆ మనిషి చేయగలిగిన పని ఒక్కటైనా ఆ మనిషి నోటితోనే చెప్పించామా. అంతా అయ్యాక నటించినవాళ్లని ఒకే ప్రశ్న అడుగుతారు: మళ్లీ ఈ అమ్మాయి దగ్గరికి వస్తారా? ఆ మార్కులూ ఈ జవాబూ కలిపి చూసి మా ఉద్యోగం ఉంచాలో తీసేయాలో తేలుస్తారు.

మొదటిసారి ఆవిడ వెంకాయమ్మ అనే పేరుతో వచ్చింది. షుగరు కొత్తగా బయటపడ్డ ఇల్లాలు. నేల మీదికి చూస్తూ, చీర కొంగు చేతికి చుట్టుకుంటూ, ఒళ్లో ఒక బరువైన సంచి పెట్టుకుని కూర్చుంది. నేను నేర్చుకున్నదంతా వరసగా చెప్పాను. అన్నం తగ్గించమన్నాను, ఆకుకూరలు పెంచమన్నాను, భోజనం చేశాక కాస్త నడవమన్నాను. ప్రతిదానికీ "అలాగేనమ్మా, అలాగే" అంది. మాధవి గారి మార్కులు బాగా వచ్చాయి. నాకు లోపల్లోపల గర్వంగా ఉంది.

"మళ్లీ ఈ అమ్మాయి దగ్గరికి వస్తారా అండీ?" అని మాధవి గారు అడిగారు.

వెంకాయమ్మ అప్పటికే పోయింది. ఆవిడ కుర్చీలో నిటారుగా, మెడ ఎత్తుకుని, కళ్లు పెద్దవి చేసుకుని ఇంకొకావిడ కూర్చుని ఉంది. "రాను" అంది.

"ఎందుకండీ?" అని అడిగాను.

"ఇంత బరువు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కింద పెట్టుకోమ్మా అని ఒక్కసారైనా అన్నావా? నా తొడలు తిమ్మిరెక్కాయి."

ఆ తర్వాత ఆవిడ ప్యాంట్రీలోకి వెళ్లి కాఫీ కలుపుకుంది. చెంచా మీద చెంచా పంచదార వేసుకుంటుంటే నేను ఉండబట్టలేక, "అమ్మా, షుగరు…" అన్నాను.

"షుగరు వెంకాయమ్మకి. నాకు కాదు" అని గ్లాసు ఎత్తి, కళ్లు మూసుకుని తాగింది.

రెండోసారి వచ్చినప్పుడు ఆవిడ కుర్చీలో కూర్చుందో లేదో నేను చెయ్యి చాపాను. "ఆ సంచి ఇలా ఇవ్వండమ్మా, పక్కన పెడతాను" అన్నాను. ఆవిడ సంచిని గుండెకి అదుముకుని నన్ను దొంగని చూసినట్టు చూసింది. ఆ రోజు ఆవిడ మొగుడు పోయాక ఎవరినీ నమ్మని ముసలావిడ వేషంలో వచ్చింది. ఆ తర్వాత నేనేం అడిగినా ముక్తసరి జవాబులే. చివర్లో మాధవి గారి ప్రశ్నకి మళ్లీ "రాను" అనే అంది. నాకు ఏడుపొచ్చింది. బయట వరండాలో పట్టుకుని అడిగాను, "పోయినసారి సంచి తీసుకోలేదని అన్నారు. ఈసారి తీసుకోబోతే తప్పన్నారు. నేనేం చేయాలమ్మా?"

"ఆవిడ వేరు, ఈవిడ వేరు" అంది తేలిగ్గా.

"ఎవరు ఎవరో నాకెలా తెలుస్తుంది?"

"అదే నాకూ తెలియదమ్మాయ్. నేను చేసుకొచ్చిన మనిషిని నువ్వు కనుక్కుంటావేమోనని చూస్తున్నాను." చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను. అది జవాబా, వెక్కిరింపా అర్థం కాలేదు. ఆవిడ నాకు చేసిన మేలు చాలామటుకు ఇలాంటి అర్థంకాని మాటల్లోంచే వచ్చింది. అయితే అది మేలని ఆ రోజుల్లో ఎవరైనా అంటే ఒప్పుకునేదాన్ని కాదు.

ఇంకోసారి, పరీక్ష లేని రోజు, మాధవి గారితో ఏదో పని ఉండి వచ్చింది. నేను మెట్ల దగ్గర నిలబడి మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నాను. అమ్మకి బీపీ. "ఏందే అమ్మా, గోలీ ఏస్కున్నవా లేదా? గట్ల ఖాళీ కడుపుతోని ఉంటే కండ్లు తిరుగుతయి. జర రెండు ముద్దలు తిని ఏస్కోరాదే" అంటున్నాను. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే ఆవిడ గోడకి ఆనుకుని వింటోంది.

"ఈ గొంతు ఎక్కడ దాచావమ్మా ఇన్నాళ్లూ?"

"ఇంట్లో మాటండీ అది. ఇక్కడ అట్లా మాట్లాడితే బాగుండదు."

"గదిలో నువ్వు మాట్లాడేది వార్తలు చదివినట్టుంటుంది. ఆ మాటకి నేనైతే మందు వేసుకోను. ఈ మాటకి వేసుకుంటాను."

ఆ పొగడ్త నా తలకెక్కింది. మర్నాడు ఒక నిర్మాత గారి భార్య వస్తే నా ఇంటి మాటతోనే మొదలుపెట్టాను. "రాత్రి ఏం తింటరు? జర చెప్పుండ్రి" అన్నాను. ఆవిడ గుంటూరు వైపు మనిషి. నేను ఎగతాళి చేస్తున్నాననుకుందో, మర్యాద ఇవ్వలేదనుకుందో, తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేసింది. మాధవి గారు పిలిచి, "లావణ్యా, ప్రొఫెషనల్‌గా ఉండమ్మా. నీ ఫైనల్ అసెస్‌మెంట్ దగ్గరపడుతోంది. ఇలాంటి కంప్లైంట్ ఇంకొకటి వస్తే నేనేం చేయలేను" అన్నారు. ఆ సాయంత్రం రత్నకుమారి గారికి ఫోను చేసి చెప్తే అవతల కాసేపు నవ్వు వినబడింది. తర్వాత నవ్వు ఆపి, "అందరితోనూ ఒకే గొంతుతో మాట్లాడమని నేనెప్పుడు చెప్పానమ్మాయ్?" అంది. నేను ఫోను కట్ చేశాను. బస్సులో బోరబండ దాకా కిటికీలోంచి చూస్తూ, ఈవిడ మాట వినకూడదు అని నాకు నేనే చెప్పుకుంటూ వెళ్లాను. ఇంటికెళ్లాక మా అమ్మ అడిగింది, "ఏమైందే, మొకం గట్ల పెట్టినవ్?" అని.

ఆ తర్వాతి పరీక్షకి ఆవిడ పెళ్లిళ్లకి వంట చేసే మనిషిగా వచ్చింది. ఈసారి నేను ముందుగా ఏమీ అనుకుని వెళ్లలేదు. విసిగిపోయి ఉన్నాను, అంతే. ఆవిడ తలుపు దగ్గర నుంచి కుంటుకుంటూ వచ్చి కూర్చుంది. నేను మంచినీళ్లు ఇచ్చి ఊరుకున్నాను. చాలాసేపటికి ఆవిడే మొదలుపెట్టింది.

"మాత్రలు ఉన్నాయమ్మా. సంచిలోనే ఉన్నాయి. వేసుకోను."

"ఎందుకని?"

"పొయ్యి దగ్గర నలుగురూ ఉంటారు కదా, చూస్తారు. ఈవిడకి జబ్బుందట అని తెలిస్తే ఇంకో పెళ్లికి పిలవరు. కొత్తవాళ్లు బోలెడు మంది ఉన్నారు. కాలి మీద చిన్న పుండు లేచింది. మేజోడు వేసుకుని తిరుగుతున్నాను. ఎవరికీ తెలియదు."

"ఇంట్లో ఎవరికైనా చెప్పారా?"

"ఇంట్లో ఎవరుంటేగా" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు. అంతకు ముందు ఆవిడ వేషాల్లో వచ్చిన మనుషులిద్దరూ ఎటో ఒక వైపు చూసేవారు, నేల వైపో, గోడ వైపో. ఈ వంటావిడ కళ్లు ఎక్కడా నిలవలేదు. నేను సలహా చెప్పడం మర్చిపోయి, "భయంగా ఉందా అమ్మా?" అన్నాను. ఆవిడ తలూపింది. ఆ రోజు ఆవిడ "వస్తాను" అంది. మాధవి గారు నన్ను మెచ్చుకున్నారు. మొట్టమొదటిసారి నెగ్గాను.

నెగ్గిన సంతోషంతో మేడ మీద కిటికీ దగ్గరికి వెళ్లి కిందికి చూశాను. రత్నకుమారి గారు గేటు దాటి, రాళ్ల పక్కనున్న ఎత్తు రోడ్డు మీద ఆటో కోసం నడుస్తోంది. కుంటుతోంది. పరీక్ష అయిపోయింది. చూసేవాళ్లెవరూ లేరు. ఆవిడ కుంటుతూనే ఉంది.

మెట్లు దిగి పరుగెత్తాను. ఆటో ఎక్కబోతుంటే అందుకున్నాను. "అమ్మా, ఒక్కసారి కాలు చూపించండి."

"మార్కులు వేసేశారుగా. ఇంకేంటి?"

"మార్కుల కోసం కాదు. మీ కాలికి నిజంగా ఏమైనా అయిందా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ముఖం మీద ఒక చిన్న నవ్వు వచ్చింది. "నటనమ్మా. వేషం గడప దాటాక కూడా కాస్త దూరం మోసుకెళ్తే గానీ వదలదు. కావాలంటే ఏడుస్తాను, చూస్తావా?" అంది. నేను చూస్తుండగానే ఆవిడ రెండు కళ్లూ నీళ్లతో నిండాయి. ఒక చుక్క చెంప మీదికి జారింది. "చూశావా" అని, కొంగుతో తుడుచుకుని, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆ కన్నీళ్లు నాకు చూపించడానికి తెచ్చుకున్నవా, లేక వచ్చేసిన వాటిని చూపించడానికి తెచ్చుకున్నట్టు మార్చేసిందా? ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. లోపలికి వెళ్లి మాధవి గారిని అడిగాను, ఆ వంటావిడ కథ మీరు రాసిచ్చిందేనా అని. "నేను వయసూ, షుగరు రీడింగూ ఇచ్చాను, అంతే. మిగతాదంతా ఆవిడ కల్పించుకున్నదే. యాక్టర్లు అలాగే చేస్తారు. నువ్వు ఎమోషనల్ అవకు" అన్నారు. మాధవి గారు అన్నదీ నిజమే కావచ్చు. నేనే లేనిపోనిది ఊహించుకుంటున్నానేమో అని కూడా అనిపించింది. నిజాన్ని నటనేననుకుని ఊరుకుంటే ఒక బాధ. నటనని నిజమనుకుని వాళ్లింటి మీద పడితే, నా పనిని నేనే నవ్వులపాలు చేసుకున్నట్టు. ఎటూ తోచక ఆదివారం దాకా గడిపాను.

ఆదివారం ఎర్రగడ్డ మార్కెట్లో మా అమ్మకి కూరగాయలు కొనిచ్చి, అక్కడి నుంచి షేక్‌పేట వెళ్లాను. ఫ్లైఓవర్ కింద నుంచి పాత ఊరిలోకి మలుపు తిరిగి, ఇద్దరు ముగ్గురిని అడిగి ఇల్లు కనుక్కున్నాను. మేడ మీద ఒక్కటే గది. తలుపు తీసే ఉంది. రత్నకుమారి గారు మంచం మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. ఇంట్లో కూడా కుడికాలికి మేజోడు ఉంది. గోడ మీద నాటకం ఫోటో ఒకటి, అందులో కిరీటం పెట్టుకున్న పడుచు పిల్ల. ఆవిడే.

నన్ను చూసి చాకు పక్కన పెట్టింది. ముఖంలో కోపం మొదలైంది. నేను ఇక్కడికి వచ్చే దారంతా ఏం చెప్పాలో వల్లించుకున్నాను. షుగరున్నవాళ్ల కాలికి పుండు పడితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. అదంతా చెబితే ఆవిడ "నటనమ్మా" అని నన్ను మెట్ల కిందికి పంపేస్తుందనీ తెలుసు. గడపలోనే నిలబడి అడిగాను.

"అమ్మా, ఆ వంటామె ఎట్లుంది?"

ఎందుకలా అడిగానో నాకే తెలియదు. నా ఇంటి మాట దానంతటదే వచ్చింది. ఆవిడ మొహంలో కోపం ఆగింది. కాసేపు బెండకాయల వైపు చూసి, "ఆవిడకి బాలేదు" అంది.

"పుండు తగ్గలేదా?"

"నల్లబడింది. వాసన వస్తోంది. అగరొత్తులు వెలిగించుకుని కూర్చుంటోంది."

"దవాఖానకి పోలేదా?"

"భయం ఆవిడకి. కాలు తీసేస్తారని. కాలు లేనిదాన్ని ఎవరు పిలుస్తారు, వంటకి?"

నేను లోపలికి వెళ్లి నేల మీద కూర్చున్నాను. "తోడు ఎవరన్న పోతే పోతదా?"

"ఎవరున్నారు తోడు రావడానికి? చెల్లెలుంది, కాకినాడలో. దానికి చెప్పొద్దంది."

"నేను పోత ఆమె వెంబడి. ఇయ్యాల్నే పోదాం."

కింద సందులో ఎవరో మోటారు సైకిలు స్టార్ట్ చేయలేక అవస్థ పడుతున్నారు. తర్వాత ఆవిడ వంగి మేజోడు నెమ్మదిగా లాగింది. నేను చూశాను. ఆవిడ లేచి ఉతికిన చీర కట్టుకుని, జడ దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, షూటింగుకి వెళ్తున్నట్టే తయారై వచ్చింది. ఆటోలో నా చెయ్యి పట్టుకుంది. మేమిద్దరం వంటావిడ గురించే మాట్లాడుకుంటూ ఆస్పత్రికి వెళ్లాం.

డాక్టర్లు చిటికెన వేలు తీసేశారు. ఇంకా ఆలస్యమై ఉంటే పాదమే పోయేదన్నారు. ఎన్నాళ్ల నుంచి షుగరు ఉందని వాళ్లు అడిగితే, "నాకా?" అని నా వైపు చూసి, తర్వాత చాలా మామూలు గొంతుతో, "చాలా ఏళ్లయిందండీ" అంది. వార్డులో పడుకుని, కట్టు కట్టిన కాలి వైపు చూసుకుంటూ, "పోనీలే అమ్మాయ్, చిటికెన వేలు క్లోజప్పులో ఎవరూ చూపించరు" అంది. ఇద్దరం నవ్వాం. కాకినాడ నుంచి చెల్లెలు వచ్చే దాకా రోజూ డ్యూటీ అయ్యాక వెళ్లి కూర్చునేదాన్ని. ఇక మా మధ్య దాపరికం ఉండదనుకున్నాను.

అలా అనుకోవడం తొందరపాటే. నా చివరి పరీక్షకి మళ్లీ ఆవిడే వచ్చింది. కాలికి మెత్తటి బూటు వేసుకుని ఉంది. భర్తకి గుండె ఆపరేషనైతే నిద్ర మాని సేవ చేస్తున్న ఇల్లాలి వేషం. నేను సంతోషంగా, ధైర్యంగా కూర్చున్నాను. ఆవిడ తన నిద్ర గురించి, విసుగు గురించి చెబుతోంది. నేను వింటూనే ఉన్నాను. కానీ నా చూపు ఆ బూటు మీదికే పోయేది. మధ్యలో ఉండలేక, "కాలు ఎలా ఉందమ్మా?" అని అడిగేశాను.

"నా కాలికేమైంది?" అంది ఆ ఇల్లాలు, నిజంగా ఆశ్చర్యపోయి.

చివరికి మాధవి గారు తన ప్రశ్న అడిగారు. ఆవిడ కొంచెం కూడా తడుముకోకుండా, "రాను" అంది.

మాధవి గారి మార్కులు పరవాలేదు కాబట్టి నన్ను తీసేయలేదు. ఇంకొన్నాళ్లు చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. అది కాదు నా బాధ. ఆవిడ కట్లు మార్చింది నేను. ఆవిడ అన్నంలో పెరుగు కలిపి పెట్టింది నేను. నా దగ్గరికి రానంటుందా? ఆవిడ ఫోను చేస్తే తీయలేదు. ఇంకోసారి చేస్తే తీశాను.

"కోపమా?"

"ఆఁ."

"ఉంటుంది. ఆ రోజు మా ఇంటికి నువ్వు వంటావిడ కోసం వచ్చావు. అందుకే మేజోడు తీశాను. పరీక్షలో ఇంకొకావిడ కూర్చుంటే ఆవిడని వదిలేసి నన్ను చూస్తూ కూర్చున్నావు. మొగుడికి ఎప్పుడేమవుతుందోనని గుండె గుప్పిట్లో పెట్టుకుని వచ్చింది పాపం. ఆవిడ ఎందుకొస్తుంది మళ్లీ?"

"ఇద్దరూ మీరే కదా అమ్మా!"

"అవునా?" అంది. ఆ 'అవునా'లో నవ్వుందో, నిజంగానే అడిగిందో ఇప్పటికీ చెప్పలేను. తర్వాత, "కాలు బాగానే ఉంది. అడిగావుగా" అని ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత ఉద్యోగం ఖాయమైంది. ఏళ్లు గడిచాయి. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకి పరీక్ష పెట్టేటప్పుడు మూలన కూర్చుని మార్కులు వేసేది నేను. వాళ్లు బయటికొచ్చి, "మేడమ్, నేనెక్కడ తప్పు చేశాను?" అని అడుగుతారు. పలకరింపు బాగుంది, కొంచెం తొందరపడ్డారు, ఇంకాస్త విని ఉండాల్సింది అని చెబుతాను. అవన్నీ నిజాలే. చెబుతున్నంతసేపూ నాకు మాత్రం ఇంకేదో చెప్పలేకపోతున్నానని ఉంటుంది. ఎదుటి మనిషి ఎవరో తెలుసుకుని మాట్లాడమని చెప్పాలంటే, అది నాకు తెలుస్తోందని నేను నమ్మాలి. తెలిసిందనుకున్న రోజునే తప్పిన దాన్ని నేను. అందుకని పిల్లలకి మార్కులు వేస్తాను గానీ, వేసినదాన్ని ఇప్పటికీ ఒకటి రెండుసార్లు కొట్టేసి మళ్లీ వేస్తాను.

వేషాలు తగ్గిపోయాక రత్నకుమారి గారు షేక్‌పేట గది ఖాళీ చేసి కాకినాడ చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. అప్పుడప్పుడు ఫోను చేసేది. నేను అడగక ముందే, "మాత్రలు వేసుకుంటున్నాను, నడుస్తున్నాను, తీపి మానేశాను, రాత్రి పెందలాడే పడుకుంటున్నాను" అని అప్పగించేది, బడిపిల్ల పద్యం చెప్పినట్టు. నేను "సరే అమ్మా" అనేదాన్ని. తర్వాత ఇద్దరం వేరే సంగతులు మాట్లాడుకునేవాళ్లం. అక్కడి వానల గురించి, ఇక్కడ కొత్తగా మొదలైన సీరియళ్ల గురించి. పోయిన వర్షాకాలంలో ఒక ఉదయం చెల్లెలు ఫోను చేసింది. గుండె ఆగిపోయిందట, నిద్రలోనే.

వెళ్లడానికి కుదరలేదు. కొన్ని రోజులాగి ఆ చెల్లెలితో మాట్లాడాను. ఏవేవో మాట్లాడాక, అడగకూడదనుకుంటూనే అడిగాను, అక్క మందులు సరిగా వేసుకునేవారా అని. ఆవిడ చెప్పిన మాట ఇది:

"ఏమోనమ్మా. రోజూ వేసుకున్నానే అనేది. అక్క అన్నాక నమ్మాలి కదా."

అబద్ధమని నేను అనుకోలేదు. నిజమని కూడా అనుకోలేకపోయాను. ఇప్పుడు నా ఎదురుగా కూర్చున్నవాళ్లు "మందులు వేసుకుంటున్నానండీ" అంటే ఆ మాట దగ్గర నేను ఆగుతాను. మంచిదని మెచ్చుకోను, నిజమేనా అని గుచ్చి గుచ్చి అడగను. "రోజూ వేసుకోవడం కష్టంగానే ఉంటుంది కదా" అంటాను. కొందరు అవునండీ అని మొదలుపెడతారు, ఇక ఆగరు. కొందరు నవ్వి ఊరుకుంటారు. కొందరు ఏమీ అనరు, చేతుల వైపు చూసుకుంటూ ఉండిపోతారు. ఆ ఏమీ అననివాళ్ల ఎదుట కూర్చోవడం నాకింకా సరిగ్గా చేతకాదు. అయినా లేవను. కూర్చుంటాను.